ఇన్‌ఫ్లుయెంజా-ఎ పాజిటివ్, హెచ్1 లేదు, హెచ్3 లేదు: ఇలాంటి రిపోర్టు చేతికొస్తే?

హొసకోట_డ్యూటీ
సూటిగా అడుగుతున్నాను. రెండు ఊపిరితిత్తుల్లో న్యుమోనియా, ఆక్సిజన్ పడిపోతున్న రోగి. గొంతు స్వాబ్ పీసీఆర్‌లో ఇన్‌ఫ్లుయెంజా-ఎ పాజిటివ్. కింద సబ్‌టైప్ గడుల్లో హెచ్1ఎన్1 (2009) నెగెటివ్, హెచ్3ఎన్2 నెగెటివ్. చాలా చోట్ల దీన్ని "మామూలు ఫ్లూయే, సబ్‌టైప్ దొరకలేదంతే" అని ఫైల్లో పెట్టి మూసేస్తారు. అలా మూసేయొచ్చా? బెంగళూరుకి తగ్గట్టు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో చిక్కబళ్లాపురం జిల్లా వరదహళ్లి కోళ్లలో కోడి ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 తేలింది. మరుసటి నెల్లోనే పల్నాడు జిల్లా నరసరావుపేటకి చెందిన రెండేళ్ల పాప అదే వైరస్‌తో చనిపోయింది. కాబట్టి పరీక్ష పేపరు ప్రశ్న కాదిది.

గులాబిరంగు_వీటీఎం
మూసేయకూడదు. ముందు సీటీ విలువ (స్కాన్ కాదు, పీసీఆర్ ఎన్ని చుట్లకి వైరస్‌ని పట్టిందో ఆ అంకె; తక్కువుంటే వైరస్ ఎక్కువ) అడగండి, రిపోర్టు మీద వేయకపోతే ల్యాబ్‌కి ఫోన్ చేయండి.

ఇన్‌ఫ్లుయెంజా-ఎ అని పట్టేది ఎం జన్యువు. అది మనిషి ఫ్లూ, కోడి ఫ్లూ, పంది ఫ్లూ అన్నిట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. సబ్‌టైప్ ప్రైమర్లు (జన్యువుని వెతికి పట్టే ముక్కలు) మాత్రం మన సీజనల్ హెచ్1, హెచ్3లకే కుట్టిన చొక్కాలు, హెచ్5కి పట్టవు. అందుకే రెండు సంగతులు విడదీయాలి. ఎం జన్యువు సీటీ 36, 37 దగ్గరుంటే వైరస్ చాలా తక్కువగా ఉందన్నమాట. సబ్‌టైప్ ప్రైమర్లకి అంత పదును లేక అందలేదేమో, కొత్త శాంపిల్ తీసి మళ్లీ పెట్టాలి. అదే సీటీ 22, 25 వచ్చి కూడా రెండు గడులూ ఖాళీగా ఉంటే అది ప్రైమర్ల నీరసం కాదు. అంత వైరస్ ఉండి హెచ్1 కాదు, హెచ్3 కాదు అంటే ఇంకేదో ఉంది. ఆ క్షణమే ఫోన్ చేయాల్సిన రిపోర్టది.

ఇంకో ఉచ్చుంది. కొన్ని మల్టీప్లెక్స్ ప్యానెళ్లలో సబ్‌టైప్ గడే ఉండదు, "ఫ్లూ-ఎ" అని ఒక్క ముక్క వస్తుంది. ర్యాపిడ్ కార్డు టెస్టూ అంతే. పైగా కార్డు నెగెటివ్ వచ్చిందని నమ్మడానికి లేదు, దాని సున్నితత్వం తక్కువ.

ప్రోన్16గంటలు
> గొంతు స్వాబ్ పీసీఆర్‌లో

అసలు లోపం ఇక్కడే. కోడి ఫ్లూ వైరస్ పట్టుకునే కొక్కెం ఆల్ఫా-2,3 సియాలిక్ ఆమ్లం. మన ముక్కు, గొంతుల్లో ఎక్కువగా ఉండేది ఆల్ఫా-2,6. 2,3 రకం మనలో చిన్న శ్వాసనాళాల చివర్న, గాలి గదుల్లో, కంటి పొర మీద ఉంటుంది. ఈ జబ్బు జలుబుగా మొదలై ఆగిపోకుండా ఊపిరితిత్తుల అడుగుకి దిగడానికీ, మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటకపోవడానికీ కారణం ఒకటే.

దీన్నిబట్టే శాంపిల్. ట్యూబ్ వేసిన రోగికి ఎండోట్రాకియల్ ఆస్పిరేట్ (ట్యూబ్‌లోంచి లాగిన కఫం) తీయండి. వేయని రోగికి గొంతు, ముక్కు రెండు స్వాబులూ తీయండి. హెచ్5కి ముక్కు కన్నా గొంతే మెరుగు. కళ్లు ఎర్రబడితే కంటి స్వాబ్ కూడా. గొంతులో నెగెటివ్ వచ్చి ట్యూబ్‌లో పాజిటివ్ రావడం ఈ జబ్బులో మామూలే. అనుమానం గట్టిగా ఉంటే ఒక్క నెగెటివ్‌తో వదలకండి, మర్నాడు కింది శాంపిల్ పంపండి.

హొసకోట_డ్యూటీ
శాంపిల్ తీయడంలో, పంపడంలో తప్పులెక్కడ జరుగుతాయో కూడా చెప్పండి. రాత్రిపూట తీసేది ఇంటర్న్.

గులాబిరంగు_వీటీఎం
చెక్క పుల్ల, దూది స్వాబ్ వాడకూడదు. ప్లాస్టిక్ పుల్ల, పాలిస్టర్ లేదా ఫ్లాక్డ్ నైలాన్ తల ఉన్నదే వాడాలి. కాల్షియం ఆల్జినేట్ స్వాబ్ పీసీఆర్‌ని ఆపేస్తుంది. వీటీఎం (స్వాబ్ వేసి పంపే ద్రవం) గులాబి రంగులో ఉండాలి. పసుపుకి తిరిగిందా, మబ్బుగా ఉందా, పక్కన పెట్టేయండి. స్వాబుని గీత దగ్గర విరిచి తల ద్రవంలో మునిగేలా వదిలి మూత బిగించాలి. ఆస్పిరేట్‌ని స్టెరైల్ డబ్బాలో 2, 3 మిల్లీలీటర్లు. ఫార్మలిన్ వాసన కూడా తగలకూడదు.

చల్లదనం 2 నుంచి 8 డిగ్రీలు. 72 గంటల్లో ల్యాబ్ చేరకపోతే మైనస్ 70 లేదా అంతకన్నా కింద. అందరూ చేసే పొరపాటు మైనస్ 20 ఫ్రీజర్‌లో తోసేయడం. ఐస్‌క్రీమ్‌కది చాలు, ఈ వైరస్‌కి చాలదు. గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే ఇక చేసేదేమీ ఉండదు.

ప్యాకింగ్ మూడు పొరలు: ట్యూబ్, దాని చుట్టూ పీల్చే కాగితంతో లీకవని రెండో డబ్బా, బయట గట్టి పెట్టె మీద యూఎన్ 3373 గుర్తు. ఫారం రెండో డబ్బాకీ పెట్టెకీ మధ్య పెట్టాలి, ట్యూబుకి చుట్టకూడదు.

ల్యాబ్ వాళ్లకి ఒక మాట. మిగిలిన శాంపిల్‌ని అన్ని కిట్లమీదా పరీక్షించి ఖాళీ చేయకండి. పుణె ఎన్‌ఐవీకి (జాతీయ వైరాలజీ సంస్థకి) పంపాల్సింది అదే. మామూలు ల్యాబ్‌లో కల్చర్ జోలికి అసలు పోవద్దు, దానికి బీఎస్‌ఎల్-3 (గట్టి భద్రతున్న ల్యాబ్) కావాలి.

చింతామణి_నిఘా
శాంపిల్ దారి: ఆసుపత్రి, అక్కణ్ణుంచి జిల్లా నిఘా విభాగం, అక్కణ్ణుంచి వైరాలజీ ల్యాబ్, చివరికి పుణె ఎన్‌ఐవీ. బెంగళూరులోనే ఎన్‌ఐవీ యూనిట్ ఉంది. కన్సల్టెంటు సంతకం కోసం సోమవారం దాకా ఆగకండి. రిపోర్టు రాని "అనుమానిత" దశలోనే ఐహెచ్‌ఐపీలో (ప్రభుత్వ రోగ నిఘా పోర్టల్) ఎక్కించి, జిల్లా సర్వైలెన్స్ ఆఫీసరుకి నోటితో చెప్పండి. ఎవరి నంబరూ దొరక్కపోతే కర్ణాటక ఆరోగ్య సహాయవాణి 104.

నేను చెప్పదలిచింది మాత్రం వేరే. ల్యాబ్ కన్నా ముందు దీన్ని పట్టేది హిస్టరీ, అది తీయడం మనకి రాదు.

"మీ కోళ్లు చచ్చాయా?" అని అడిగితే కోలారు వైపు ఏ ఇంట్లోనైనా "లేదు సార్" అనే అంటారు. అవునంటే ఊళ్లో కోళ్లన్నీ పూడ్చేస్తారు, పక్కింటివాళ్లు తిడతారు, ఫారం ఓనరు పని మానిపిస్తాడు. అందుకని చావు సంగతి ఎత్తకుండా పని సంగతి అడగండి. ఈ రెండు వారాల్లో ఇంట్లో కోడి కోశారా? కోసిందెవరు? బొచ్చు పీకిందెవరు, కందనకాయ కడిగిందెవరు? కోళ్ల గంప ఎవరు కడుగుతారు? కోడి ఎరువు తోటకి తోలించారా? పందెం కోడి ఉందా, దాని నోట్లో తెమడ ఎవరు తీస్తారు? ఇంట్లో పిల్లి చనిపోయిందా? పంది? బాతు?

తూలుతున్న కోడిని చావకముందే కోసి వండేయడం పల్లెల్లో మామూలు. వాళ్ల లెక్కలో అది చచ్చిన కోడి కాదు, కోసుకు తిన్న కోడి. మీ ప్రశ్నకి "లేదు" అన్నది అబద్ధం కూడా కాదు.

ఇంకోటి. రోగి వెంటిలేటర్ మీద ఉంటాడు, హిస్టరీ చెప్పేది మారతహళ్లి పీజీలో ఉండే కొడుకు. పల్లెలో ఏ కోడి ఎప్పుడు కోశారో అతనికేం తెలుసు? ఊరికి ఫోన్ చేయించి వంట చేసేవాళ్లతో మాట్లాడండి. సరిహద్దు పల్లెల్లో అవ్వలు తెలుగులోనే చెబుతారు, డ్యూటీ డాక్టరు కన్నడంలో అడిగి ముక్తసరి జవాబు రాసుకుంటే సగం పోతుంది.

హెబ్బాళ_పశువైద్యం
నిఘా అన్నగారి మాటకి కొంచెం కలుపుతాను. కోళ్లు ఉన్నట్టుండి కుప్పలుగా చావడం, తలమీది జుట్టు నీలంగా మారడం, తల వాపు, కాళ్ల పొలుసుల మీద రక్తపు మచ్చలు కనిపిస్తే హెచ్5ఎన్1 అనుకోవాలి. రైతు మాత్రం "కొక్కెర తెగులు" (రాణిఖేత్) అంటాడు. మెడ తిప్పడం, పచ్చ విరేచనం రెండింట్లోనూ ఉంటాయి కనక కంటితో తేల్చలేం. ట్రాకియా (గాలి గొట్టం), క్లోయెకా (రెట్ట దారి) స్వాబులు భోపాల్ ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఏడీకి, అంటే పశురోగాల జాతీయ ల్యాబ్‌కి, వెళ్లాల్సిందే. చచ్చిన కోడిని ఇంటి దగ్గర కోసి చూడొద్దు. పశువైద్య సహాయవాణి 1962కి ఫోన్ చేయండి.

బాతులు మోసం చేస్తాయి, వైరస్ మోస్తూనే హాయిగా ఈదుతుంటాయి.

కోళ్లు చావలేదు కాబట్టి కోడి ఫ్లూ కాదు అనే లెక్క అసలు పనికిరాదు. చైనాలో 2013లో బయటపడ్డ హెచ్7ఎన్9 మొదట్లో కోడిని ఏమీ చేయలేదు. మనుషులు ఐసీయూలో పడ్డాకే బతికున్న కోళ్ల బజార్లలో వెతికారు. మొత్తం 1,568 మందికి సోకితే 600 మందికి పైగా పోయారు. పక్షికి ప్రమాదమా, మనిషికి ప్రమాదమా అన్నవి రెండు వేర్వేరు లెక్కలు.

కందనకాయ_హోల్‌సేల్
డాక్టర్లకి షాపు లోపలి సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నా. కౌంటర్లో కత్తి పట్టేవాడిని అందరూ అడుగుతారు. అసలు దుమ్ము తినేది వెనక ఈకలు తీసే డ్రమ్ము దగ్గర కుర్రాడు. వేడినీళ్లలో ముంచిన కోడిని డ్రమ్ములో వేస్తే తుంపర్లు మొహం మీదే కొడతాయి, మూత ఎవడూ పెట్టడు. రెండోవాడు తెల్లవారుజామున లారీ నుంచి క్రేట్లు దించేవాడు. మూడోవాడు, దారిలో చచ్చినవి ఏరి పక్కన పడేసేవాడు. దాన్ని మేం "మోర్టాలిటీ" అంటాం, లెక్కలో రాస్తాం, కానీ ఏరినవాడి పేరు ఏ లెక్కలోనూ ఉండదు. ముగ్గురూ సాధారణంగా వేరే రాష్ట్రం కుర్రాళ్లు, షాపు పైనే పడుకుంటారు. జ్వరమొస్తే మెడికల్ షాపు మాత్ర వేసుకుని పనిలోకి దిగుతారు.

చింతామణి_నిఘా
@కందనకాయ_హోల్‌సేల్ ఇది బంగారం. ఫారంలో "వృత్తి: చికెన్ షాపు" అని రాస్తే చాలదన్నమాట. ఏ పని అని రాయాలి.

ప్రోన్16గంటలు
మన దగ్గర ఇది తప్పిపోయే ఇంకో దారి డెంగీ. జ్వరం, తెల్లకణాలు తక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, ఎస్‌జీఓటీ ఎక్కువ. బెంగళూరులో ఏ డాక్టరైనా చూడకుండానే డెంగీ అంటాడు. హెచ్5ఎన్1 రక్తపరీక్ష కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. కొందరికి విరేచనాలతో మొదలవుతుంది, అప్పుడు గ్యాస్ట్రో అని రాస్తారు.

తేడా ఊపిరితిత్తుల్లో చూడాలి. జ్వరం మొదలైన అయిదో రోజు ప్రాంతంలో ఆయాసం, ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలు, లింఫోసైట్లు అడుగంటడం. డెంగీలో హెమటోక్రిట్ పెరిగి, ప్లూరల్ నీరు చేరి ఆయాసం వస్తుంది, ఊపిరితిత్తి లోపల అంత తెల్లబడదు. స్క్రబ్ టైఫస్, లెప్టో కూడా పక్కనే పెట్టుకోండి. స్క్రబ్ టైఫస్‌లో ఉండే నల్ల మచ్చ కోసం చంకలు, గజ్జలు వెతకండి, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టండి. ఒకటి అనుమానిస్తే రెండోది మానేయాలని ఎక్కడా లేదు.

హొసకోట_డ్యూటీ
మందు? రిపోర్టు పుణె నుంచి వచ్చేదాకా?

ప్రోన్16గంటలు
రిపోర్టు కోసం ఆగితే రోగి ఆగడు. అనుమానం రాగానే ఒసెల్టమివిర్. 48 గంటలు దాటిందని మానకండి. ఆ గీత మామూలు ఫ్లూ ఉన్న ఆరోగ్యవంతుడికి గీసింది. ఇక్కడ వైరస్ రెండో వారంలో కూడా పెరుగుతూనే ఉంటుంది.

పెద్దలకి 75 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. మామూలు ఫ్లూకి 5 రోజులు, ఈ తీవ్రతలో 10 రోజులు, శాంపిల్‌లో వైరస్ ఇంకా ఉంటే పొడిగింపు. డోసు రెట్టింపు చేస్తే మేలనుకునేవారు. ఆగ్నేయాసియాలో ట్రయల్ చేసి చూశారు, అదనపు లాభమేమీ కనబడలేదు.

మాత్రలపెట్టె
కిడ్నీ చూడకుండా 75 రాయకండి సార్. క్రియాటినిన్ క్లియరెన్స్ 30 నుంచి 60 మధ్య ఉంటే 30 మి.గ్రా. రెండుసార్లు, 10 నుంచి 30 మధ్య అయితే 30 మి.గ్రా. రోజుకి ఒక్కసారే.

పిల్లలకి ఏడాది దాటాక బరువుని బట్టి, రోజుకి రెండుసార్లు: 15 కిలోల దాకా 30, 23 దాకా 45, 40 దాకా 60, ఆపైన 75. ఏడాది లోపు కిలోకి 3 మి.గ్రా., అదీ రెండుసార్లే.

పొరపాటు జరిగేది సిరప్‌లో. మన దగ్గర ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకి 12 మి.గ్రా. బయటి దేశాల చార్టులు 6 మి.గ్రా. లెక్కలో ఉంటాయి. 30 మి.గ్రా. అంటే మొదటిదాంట్లో 2.5 మి.లీ., రెండోదాంట్లో 5 మి.లీ. చీటీ మీద "మి.లీ." మాత్రమే రాస్తే పిల్లాడికి సగమో రెట్టింపో పడుతుంది. మి.గ్రా. రాయండి, సీసా మీద బలం చూసి మి.లీ. మేం లెక్కకడతాం.

ట్యూబ్ ఉన్నవాళ్లకి క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలిపి ముక్కు గొట్టం ద్వారా వేయొచ్చు, వంటబడుతుంది. కడుపు కదలకపోతే, రక్తం పడుతుంటే నరానికి ఇచ్చే పెరామివిర్ 600 మి.గ్రా. ఆలోచించాలి. బాలాక్సవిర్ ఇస్తుంటే పాలు, కాల్షియం, యాంటాసిడ్ దగ్గర్లో వద్దు, మందు వాటికే అతుక్కుపోతుంది.

షాపులో చీటీ లేకుండా ఇచ్చే మందు కాదిది, షెడ్యూల్ హెచ్1. ఊళ్లో కోడి ఫ్లూ వార్త రాగానే జనం కొని దాచుకోవడం చూస్తే విసుగొస్తుంది.

అడ్డుప్రశ్న
స్టెరాయిడ్? కోవిడ్‌లో డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడింది కదా. ఇక్కడా సైటోకైన్ తుపానే (ఒంటి రక్షణ వ్యవస్థ అదుపు తప్పి ఒంటినే దెబ్బతీయడం) అంటున్నారు.

ప్రోన్16గంటలు
కోవిడ్ పాఠాన్ని ఇక్కడ అప్పజెప్పకూడదు. ఫ్లూలో స్టెరాయిడ్ వాడినవాళ్లలో వైరస్ ఎక్కువ రోజులు నిలవడం, బ్యాక్టీరియా, ఫంగస్ తోడవడం కనబడింది. 2024 డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాలు తీవ్రమైన ఫ్లూకి ఒసెల్టమివిర్ సూచించి, స్టెరాయిడ్ వద్దన్నాయి. రెండూ షరతులతో కూడిన సిఫారసులే, అంటే రుజువు బలం అంతంతమాత్రమే. ఉబ్బసం ఉన్నవాడికి, నార్‌అడ్రినలిన్‌కి లొంగని షాక్‌కి ఇవ్వాల్సొస్తే ఇవ్వండి, అది వేరే కారణం.

తుపాను వెనక వైరస్ ఉంది. గొంతులో వైరస్ ఎంత ఎక్కువో సైటోకైన్లు అంత ఎక్కువని వియత్నాం రోగుల్లో చూశారు. ముందు వైరస్‌ని తగ్గించాలి.

వెంటిలేటర్ సంగతి కొత్తేమీ కాదు: ఎత్తుని బట్టి లెక్కకట్టిన బరువుకి కిలోకి 6 మి.లీ., ప్లాటో పీడనం 30 లోపు, బోర్లా రోజుకి 16 గంటలు. 2024 నవంబరులో కెనడా బ్రిటిష్ కొలంబియాలో 13 ఏళ్ల అమ్మాయికి హెచ్5ఎన్1 సోకితే ఎక్మో (రక్తానికి బయట ఆక్సిజన్ ఎక్కించే యంత్రం) పెట్టి, ఒసెల్టమివిర్, అమాంటడిన్, బాలాక్సవిర్ మూడూ కలిపి ఇచ్చారు, బతికింది. ఒక్క రోగి కథతో మూడు మందుల నియమం తయారవదు. అమాంటడిన్ పనిచేస్తుందో లేదో ఆ వైరస్ జన్యుక్రమం చూసే చెప్పాలి.

అడ్డుప్రశ్న
సోకితే సగం మంది చస్తారని ప్రతి పేపర్లో రాస్తారు. నిజమేనా?

చింతామణి_నిఘా
2003 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో హెచ్5ఎన్1 కేసులు 900 దాటాయి, మరణాలు దాదాపు సగం. అయితే ఆ హారంలో ఉన్నది ఆసుపత్రి చేరి, పరీక్ష చేయించుకున్నవాళ్లు. కళ్లు ఎర్రబడి రెండు రోజుల్లో తగ్గినవాడు ఎవరి లెక్కలోనూ లేడు. అమెరికాలో 2024 నుంచి పాడి ఆవుల దగ్గర పనిచేసేవాళ్లని వెతికి మరీ పరీక్షిస్తే ఎక్కువమందికి కంటి కలక, కొద్దిపాటి జ్వరం. అలాగని మెత్తబడిందని తేల్చేయకండి. అక్కడే పెరటి కోళ్ల దగ్గర, ఆవుల రకం కాక పక్షుల్లో తిరిగే డీ1.1 అనే రకం సోకిన లూసియానా రోగి 2025 జనవరిలో చనిపోయాడు. ఏ జన్యురకం, ఎంత మోతాదు, ఎక్కడ తగిలింది అన్నవి చూడాలి. మన దేశపు కోళ్లలో 2.3.2.1ఎ అనే కొమ్మ కూడా తిరుగుతోంది. 2024లో కోల్‌కతా వచ్చి ఆస్ట్రేలియా తిరిగెళ్లిన రెండున్నరేళ్ల పాపలో దొరికింది అదే.

వయసు లెక్క కూడా ఆసక్తికరం. 1968కి ముందు పుట్టినవాళ్లు చిన్నప్పుడు మొదట చూసిన ఫ్లూ హెచ్1 లేదా హెచ్2, అవి హెచ్5కి దాయాదులు. తర్వాత పుట్టినవాళ్లలో చాలామందికి మొదటి ఫ్లూ హెచ్3, అది హెచ్7 వైపు. అందుకే హెచ్5ఎన్1 చిన్నవాళ్లని, హెచ్7ఎన్9 ముసలివాళ్లని ఎక్కువ కొట్టిందని ఒక బలమైన వివరణ.

హెబ్బాళ_పశువైద్యం
పనిలో పని, "స్వైన్ ఫ్లూ వార్డు" అనే బోర్డు తీసేయండి బాబూ. 2009లో పందుల నుంచి వచ్చిన హెచ్1ఎన్1 ఇప్పుడు పూర్తిగా మనుషుల సీజనల్ ఫ్లూ. నిజంగా పంది దగ్గర్నుంచి అంటిన హెచ్1ఎన్1వీ, హెచ్3ఎన్2వీ (వీ అంటే వేరియంట్) వేరు. 2012లో అమెరికా పశువుల సంతల్లో పిల్లలకి 300 పైచిలుకు హెచ్3ఎన్2వీ కేసులు వచ్చాయి. ఆ బోర్డు వల్ల అసలు పంది హిస్టరీ చెప్పినా ఎవరూ చెవినబెట్టరు.

నైట్‌సిస్టర్_తెలుగు
నర్సుల వైపు కూడా చెప్పండి. మాస్కు ఒక్కటే ఇచ్చి పంపుతారు.

ప్రోన్16గంటలు
సిస్టర్ అడిగింది మొదట రాయాల్సింది. ఎన్95, కళ్లద్దాలు లేదా మొహం షీల్డు, గౌను, గ్లౌజులు. కళ్లు వదిలేయడం పెద్ద తప్పు, పైన చెప్పిన 2,3 కొక్కేలు అక్కడున్నాయి. నెగెటివ్ ప్రెజర్ గది, గంటకి 12 సార్లు గాలి మారాలి. లేకపోతే విడి గది, తలుపు మూసి, కిటికీ బయటికి. సక్షన్ మూసిన పద్ధతిలోదే, వెంటిలేటర్ బయటికొదిలే గొట్టానికి ఫిల్టర్, సర్క్యూట్ విప్పేముందు ట్యూబుకి క్లాంప్. నెబ్యులైజర్ తప్పనిసరైతేనే.

నేలమీద కఫం, రక్తం పడితే ముందు తుడిచి, తర్వాత 1 శాతం హైపోక్లోరైట్. మురికి మీద నేరుగా పోస్తే క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది.

రక్షణ లేకుండా దగ్గరికెళ్లినవాళ్లకి ఒసెల్టమివిర్ 75 మి.గ్రా. రోజుకి రెండుసార్లు 5 రోజులు. సీజనల్ ఫ్లూ నివారణకి రోజుకి ఒక్కసారి ఇస్తాం, ఇక్కడ చికిత్స డోసే. తాకిడి కొనసాగుతుంటే 10 రోజులు. చివరిసారి దగ్గరికెళ్లిన రోజు నుంచి 10 రోజులు పొద్దున, సాయంత్రం జ్వరం చూసుకోవాలి, కళ్లు కూడా.

కందనకాయ_హోల్‌సేల్
గుడ్లు, చికెన్ తినొచ్చా అని అడగకముందే చెప్పేస్తున్నా: లోపలిదాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే వైరస్ పోతుంది. మన కూర అంతకన్నా ఎక్కువే ఉడుకుతుంది. హాఫ్ బాయిల్, పచ్చి మాంసం పిల్లల చేతికివ్వడం మాత్రం వద్దు. కూరలో కన్నా కడిగే సింకులో, కోసే పలకమీద ఎక్కువ భయపడాలి.

హెబ్బాళ_పశువైద్యం
ఎరువు కూడా. రెట్టలో వైరస్ 4 డిగ్రీల్లో 35 రోజుల దాకా బతుకుతుంది, 37 డిగ్రీల్లో 6 రోజులు. ఎండలో ఆరిన గుట్ట వేరు, డిసెంబరులో టార్పాలిన్ కింద తడిగా ఉన్న గుట్ట వేరు.

హొసకోట_డ్యూటీ
చివరి ప్రశ్న. సీటీ 24, సబ్‌టైప్ ఖాళీ, శనివారం రాత్రి తొమ్మిది. పుణె పెట్టె సోమవారం కదులుతుంది. ఆ మధ్యలో?

గులాబిరంగు_వీటీఎం
ట్యూబుల్ని రెండు భాగాలు చేసి ఒకటి మైనస్ 70లో, ఒకటి ఫ్రిజ్‌లో. ఫ్రిజ్‌ది సోమవారం కదిలినా 72 గంటల లోపే. హెచ్5 ప్రైమర్లున్న వైరాలజీ ల్యాబ్ ఏదో జిల్లా నిఘావాళ్లకి తెలుసు, ఈ రాత్రే అడగండి, పుణె నిర్ధారణ తర్వాత. ఫారంలో సీటీ విలువ, కిట్ పేరు, శాంపిల్ ఏ చోటునుంచి తీశారో రాయండి.

ప్రోన్16గంటలు
అవి కదిలేలోపు మొదటి డోసు గొట్టంలో పడి ఉండాలి. తేదీ, టైము చార్టులో రాయండి.

చింతామణి_నిఘా
ఊరికి ఫోన్ కూడా ఈ రాత్రే. పొద్దున్నకి కోళ్ల గంప కడిగేస్తారు.